కుడి నుంచి తెరవాలి

“ఈ పుస్తకానికి అట్ట వేసిన మహానుభావుడెవరో ఒకసారి పిలుస్తారా? దణ్ణం పెట్టుకుని వెళ్లిపోతాను.”

బైండింగ్ షాపు గుమ్మంలో నిలబడి ఆ మాట అన్నవాణ్ణి ఆమె తలెత్తి చూసింది. ముప్పై దాటని మనిషి. బూడిదరంగు యూనిఫాం, జేబులో స్క్రూడ్రైవర్, భుజాన పనిముట్ల సంచి. చేతిలో ఉన్నది మాత్రం ఆమె కట్టిన పుస్తకమే.

“మహానుభావుడు లేడు, నేనున్నాను. దణ్ణం అక్కణ్ణుంచే పెట్టండి, ఇక్కడ జిగురు తడిగా ఉంది,” అంది సూదిలో దారం సర్దుకుంటూ.

అతను తడబడ్డాడు. మీసాల పెద్దాయనెవరో వస్తాడనుకుని మాటలు సిద్ధం చేసుకొచ్చినట్టున్నాడు.

“లైబ్రేరియన్ మేడమ్ పంపించారండీ. ‘తొమ్మిదో పడవ’ ఒకటో వాల్యూమ్. అట్ట తప్పు వైపు ఉంది.”

“ఎటు వైపు ఉండాలి?”

“అటు.”

“అటు వెనక.”

“అదే ముందు.”

“మీరేం పని చేస్తారు?”

“లిఫ్ట్ మెకానిక్‌ని.”

“అదీ సంగతి. పైకీ కిందకీ తప్ప ముందేదో వెనకేదో తెలియదన్నమాట.”

ఆమెకంత పొగరుండటానికి కారణముంది. ఆ షాపు వాళ్ల నాన్నది. ఆయన చేతి నుంచి వెళ్లే ప్రతి పుస్తకానికీ లోపల ఓ మూల గోరంత లేబుల్ ఉంటుంది. ఆరేళ్లుగా ఆమె మడిచిన కాగితాల ఫారాలు కుడుతోంది, అట్టలు కోస్తోంది, వెన్నుకి గుడ్డ అంటిస్తోంది. లేబుల్ మాత్రం నాన్నదే. కిందటి నెల లైబ్రరీ నుంచి అట్టలు ఊడిపోయిన తొమ్మిది పుస్తకాలు వచ్చినప్పుడు ఆయన వాటిని ఆమె ముందు పెట్టి, “వీటికి నీ లేబుల్ వేసుకో,” అన్నాడు. అంతే. ఆ మనిషి మెచ్చుకోవడం అంతవరకే. ఆమె ఓ చిన్న సూది బొమ్మ గీసి అచ్చు వేయించి తొమ్మిదింటికీ అంటించింది. ఆ రోజు ఆమె కాళ్లు నేల మీద లేవు.

ఆ లేబుల్‌కి ఓ రూల్ ఉంది. పనిలో లోపంతో పుస్తకం వెనక్కి వస్తే లేబుల్ పీకేయాలి. మళ్లీ ఏడాది దాకా వేయకూడదు. బాబాయి లేబుల్‌ని నాన్న రెండుసార్లు పీకించాడు. మూడోసారి ఆ అవకాశం ఇవ్వకుండా బాబాయి వెళ్లి కళ్లద్దాల షాపు పెట్టుకున్నాడు.

లిఫ్ట్ మెకానిక్ పుస్తకం బల్ల మీద పెట్టి, ఆమె ముందనుకున్న అట్ట తెరిచాడు. మొదటి పేజీలో ఇంతింత అక్షరాలు.

‘ఆగండి! ఇది పుస్తకం చివర. జపాన్ మాంగా బొమ్మల కథల్ని కుడి నుంచి ఎడమకి చదవాలి. పుస్తకం తిప్పి, అటు వైపు నుంచి మొదలుపెట్టండి.’

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ అక్షరాలకు వేలెడు దూరంలోనే తను జిగురు రాసింది.

“కుట్టేటప్పుడు ఈ పేజీ కనబడలేదా?” అన్నాడతను. గొంతులో వెటకారం కాస్త తగ్గింది.

“మేం కుడతాం. చదవం.” అది పూర్తిగా నిజం కాదు. కట్టే ప్రతి పుస్తకంలోకీ ఆమె ఓ కన్నేస్తుంది. వీటిల్లోకే పట్టుబట్టి చూడలేదు. “పైగా ఈ కథ నాకు తెలుసు. టీవీలో దీని యానిమే, అదే బొమ్మల సీరియల్, చూశాను. పన్నెండు ఎపిసోడ్లు! నా ఐదు గంటలు తిరిగి ఇమ్మని ఎవర్ని అడగాలో తెలీక ఊరుకున్నాను.”

అతని మొహం వెలిగిపోయింది. “మీరూ బాధితులేనా!”

“పడవ కట్టే అమ్మాయి కథన్నారు. ఎక్కడ కట్టింది పడవ? ఒక పాట వచ్చింది. పాట అయ్యేసరికి పడవ నీళ్లలో ఉంది.”

“ఆ ఏడుపొకటి!”

“గాలి వీస్తే ఏడుపు.”

“గాలి ఆగితే ఏడుపు.”

ఇద్దరూ నవ్వేశారు. తర్వాత తాము దెబ్బలాడుకుంటున్నామని గుర్తొచ్చి ఆపేశారు.

“నేను ఏడో ఎపిసోడ్‌లో మానేశానండీ,” అన్నాడతను. “మాంగా వేరేలా ఉంటుందని ఎవరో అంటే సరే చూద్దామని తీసుకున్నాను. మీ పుణ్యాన తెరవగానే చివరి పేజీ. ఇదిగో చూడండి. ఆ అమ్మాయి చేతిలో చెక్క పలకతో నిలబడింది. ఒక్క మాట లేదు. టీవీలో ఇదే చోట నది అవతలి ఒడ్డుకి వినబడేలా అరిచింది. ఇక్కడెందుకు నోరు మెదపలేదా అని మొదటికెళ్లి చదివాను. మీ తప్పే లేకపోతే రెండు పేజీలు చూసి పక్కన పడేసేవాణ్ణి.”

“తప్పనకండి.”

“మరేమనాలి?”

“పొరపాటు.”

“సరే. మీ పొరపాటుకి చాలా థాంక్స్. మిగతా ఎనిమిదీ ఇలాగే ఉన్నాయి మరి.”

ఆమె గడియారం వైపు చూసింది. పొద్దున్నే కాలేజీలూ ఆఫీసులూ తిరిగి పని తెచ్చే నాన్న పన్నెండు దాటితే గానీ రాడు. ఈ పుస్తకం ఆయన కంట పడితే సూది బొమ్మ పని అయిపోయినట్టే.

“ఒక్కొక్కటీ తీసుకురండి. మూడేసి రోజుల్లో మార్చి ఇస్తాను. పదకొండుకి రండి, పన్నెండు లోపు వెళ్లిపోండి.”

“దొంగతనంగానా?”

“టైము ప్రకారం.”

“నాదీ ఒక షరతు. అట్ట మార్చేముందు ఒకసారి చదవండి. అటు నుంచి,” అని నవ్వి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనమయ్యాక, నాన్న కునుకు తీస్తుంటే ఆమె పుస్తకం తెరిచింది. అలవాటు కొద్దీ ఎడమ నుంచి చదివింది. ఒకడు ‘అందుకే పారిపోయాను’ అన్నాడు. ఆ తర్వాత ఒకామె ‘ఎందుకు పారిపోయావ్?’ అంది. వీళ్లకి మతిపోయిందా అనుకుని, నాలుక కరుచుకుని, కుడి నుంచి మొదలుపెట్టింది.

నలభయ్యో పేజీ దగ్గర మాటలు ఆగిపోయాయి. పడవలు కట్టే ఆ అమ్మాయి ఒక చెక్క పలకను నున్నగా చిత్రిక పడుతోంది. పేజీ తిప్పింది. ఇంకా చిత్రిక పడుతోంది. పదకొండు పేజీలు అదే పని. టీవీ వాళ్లు పాట పెట్టి దాటేసింది దీన్నే.

ఆమె ఒక బొమ్మ దగ్గర ఆగిపోయింది. చిత్రిక పట్టుకున్న చెయ్యి. బొటనవేలు చెక్క మీద లేదు, పక్కకి మడిచి ఉంది. ఏళ్ల తరబడి ఒకే పనిముట్టు పట్టుకున్నవాళ్లకే తెలిసే మడత అది. తన బొటనవేలు చూసుకుంది. కాగితాలు మడిచి మడిచి అదీ అలాగే వంగి ఉంది. ఆ వేలు అందంగా లేదని కాలేజీ రోజుల్లో గుప్పిట్లో దాచుకునేది. ఎక్కడో ఎవరో దాన్ని అంత శ్రద్ధగా గీశారు. ఆమెకు చెప్పలేనంత గర్వం వేసింది.

వెంటనే సిగ్గూ వేసింది. ఈ పదకొండు పేజీల్ని వెనక్కి తిప్పి కట్టింది తనే. చేత కాక కాదు, చూడనని మొండికేసి.

ఆ రోజు నుంచి పని మొదలైంది. లోపలి కుట్టు చెక్కుచెదరకుండా, ఒక్క కాగితం చిరక్కుండా అట్ట ఊడదీయాలి. కొత్త అట్ట అటు తిప్పి వేయాలి. మూడో రోజు పదకొండింటికి అతను రెండో వాల్యూమ్‌తో దిగాడు.

“కంప్లైంట్ గారు వచ్చారా?”

“వచ్చానండీ. చదివారా?”

“ఆ బొటనవేలు చూశారా?”

“ఏ బొటనవేలు?”

“చూళ్లేదన్నమాట. మీరేం చదివారండీ అసలు?” అని ఆమె పేజీ తీసి చూపించింది. అతను చాలాసేపు చూశాడు. ముందు బొమ్మనీ, తర్వాత ఆమె చేతినీ. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మూడో వాల్యూమ్ నాటికి కంప్లైంట్ గారికి టీ దొరికింది. నాలుగో వాల్యూమ్ నాటికి స్టూలు కూడా దొరికింది. అతను లిఫ్టుల కథలు చెప్పేవాడు.

“ఇరుక్కున్నంతసేపూ నన్ను దేవుడంటారండీ. తలుపు తెరవగానే ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోతారు.”

“మరి బాధనిపించదా?”

“ఎందుకూ? నేను బాగుచేసిన లిఫ్టు ఏ అంతస్తులో ఆగినా సరే, నేలకీ లిఫ్టుకీ ఎత్తులో గోరంత తేడా ఉండదు. అది నాకు తెలుసు. చాలదా?”

ఆ వారంలోనే నాన్న ఆమెను ఓ ఆఫీసుకి పంపాడు, కట్టిన రిజిస్టర్లు అప్పజెప్పి రమ్మని. ఆ బిల్డింగు లిఫ్టు అతను చూసేదేనని మాటల్లో విని ఉంది. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకోగానే ఆమె దిగలేదు. వంగి, నేల అంచూ లిఫ్టు అంచూ కలిసేచోట గోరు పెట్టి చూసింది. ఒకటే మట్టం.

“ఏమన్నా పడిపోయిందామ్మా?” అన్నాడు వెనకున్న గుమాస్తా.

“లేదండీ. బాగుందా లేదా అని చూస్తున్నాను.”

మనసంతా నిండిపోయింది. ఇది నా మనిషి చేసిన పని అని గుమాస్తాకి చెప్పాలనిపించింది. నా మనిషి అనే మాట తన లోపలికి ఎప్పుడొచ్చి కూర్చుందో తెలియలేదు. రిజిస్టర్లు లిఫ్టులోనే వదిలేసి నడిచి, గుమాస్తా పిలిస్తే వెనక్కి వచ్చింది.

ఆరో వాల్యూమ్ రావాల్సిన రోజున వాన మొదలైంది. అల్లరి వాన, ఆగినట్టే ఆగి, మనిషి బయటికి అడుగు పెట్టగానే మళ్లీ కురిసే రకం. పదకొండున్నరకి అతను పరుగెత్తుకొచ్చాడు. జుట్టు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, రెండు చేతులూ పొట్టకి అదుముకుని ఉన్నాయి.

“కడుపునొప్పా?”

“పుస్తకం. చొక్కా లోపల, ప్లాస్టిక్ కవర్లో ఉంది. ఒక్క చుక్క పడలేదు, చూస్కోండి!”

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. అతని వెనకే గొడుగు ముడుస్తూ నాన్న. వానకి పని కుదరక త్వరగా వచ్చేశాడు.

నాన్న అతణ్ణి కింద నుంచి పైదాకా చూశాడు. “ఎవరితను?”

అతను చొక్కాని ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు.

“ఏం పని మీద వచ్చాడమ్మా?”

ఆమె కళ్ల ముందు సూది బొమ్మ కదిలింది. బాబాయి కళ్లద్దాల షాపు కదిలింది. నోట్లోంచి మాట ఊడిపడింది. “నా కోసం వచ్చాడు నాన్నా.”

అతను తుమ్మాడు.

“గొడుగు కూడా లేకుండానా?” అన్నాడు నాన్న. గొడుగు గోడకి ఆనించి, “ఆదివారం సాయంత్రం టీకి రా బాబూ. పొడి బట్టల్లో రా,” అని తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్లాడు.

లిఫ్ట్ మెకానిక్ మొహం చూడాలి అప్పుడు! “మీరు... నిజంగానే...”

“ష్! నాన్నకి తెలిస్తే లేబుల్ పోతుంది. అందుకే అలా చెప్పాను. ఏమీ అనుకోకండి,” అని ఆమె గబగబా ఆ లేబుల్ రూలంతా చెప్పేసింది.

అతని మొహంలో వెలుగంతా ఆరిపోయింది. అతను చొక్కాలోంచి పుస్తకం తీసి, కవరు విప్పి, బల్ల మీద పెట్టాడు.

“అంటే లోపలున్నది మీ లేబులు. పైనున్న అట్టని నేను. బాగుందండీ, మంచి బైండింగు,” అన్నాడు. “నన్ను ఎంతసేపైనా గుమ్మంలో నిలబెట్టండి, నిలబడతాను. అబద్ధానికి అట్టగా మాత్రం వేయకండి.”

నాన్న తువ్వాలు తెచ్చేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

ఆదివారానికి నాలుగు రోజులుంది. ఆరో వాల్యూమ్ అట్ట మార్చింది. అన్నిటికంటే అందంగా కుదిరింది. చూపించడానికి ఎవరూ లేరు. లేబుల్ కాపాడుకున్నాను కదా అని మనసుకి సర్దిచెప్పబోయింది. మనసు వినలేదు. ఆ లేబుల్ చూస్తే ఇప్పుడు గర్వం రావడం లేదు, అదే అసలు బాధ.

ఆదివారం సాయంత్రం నాన్న మూడు కప్పులు పెట్టాడు. ఇంట్లో ఉన్నది తండ్రీకూతుళ్లిద్దరే. మూడో కప్పు ఖాళీగానే ఉండిపోతుందని ఆమెకు తెలుసు. ఎలా చెప్పాలో తెలియక స్పూన్లు లెక్కపెడుతుంటే తలుపు చప్పుడైంది.

ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. భుజాన సంచి అలాగే ఉంది. నాన్న టీ తేవడానికి వెళ్లగానే ఆమె గుసగుసలాడింది. “రానన్నట్టు వెళ్లిపోయారుగా?”

“రాకపోతే మీ నాన్నగారి ముందు మీ మాట పోతుంది. అందుకని వచ్చాను. టీ తాగి వెళ్లిపోతాను,” అన్నాడు ఎటో చూస్తూ.

నాన్న వచ్చి కూర్చున్నాడు. “మా అమ్మాయిలో ఏం నచ్చింది బాబూ?”

“పని అండి.”

“అందరూ కళ్లంటారు.”

“కళ్లూ బాగుంటాయండి. కానీ అవెప్పుడూ కుట్టు మీదే ఉంటాయి. నా దాకా రావు.”

నాన్న మీసం కాస్త కదిలింది. “మొదటిసారి మా షాపుకి దేనికొచ్చావ్?”

అతను సంచి పట్టీ సర్దుకున్నాడు. “ఊరికేనండి. ఈ వీధిలో లిఫ్టు రిపేరుంటేనూ...”

“ఈ వీధిలో లిఫ్టు లేదు.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ఆ చెవుల వైపు చూసింది. గోరంత తేడా ఉంటే ఒప్పుకోని మనిషి, తన కోసం చేతకాని అబద్ధం ఆడుతూ అడ్డంగా దొరికిపోయి కూర్చున్నాడు. ఇంక ఆమె వల్ల కాలేదు.

“ఆ సంచి ఇటివ్వండి.”

“వద్దండీ...”

“ఏడో వాల్యూమ్ తెచ్చారు కదా? ఇవ్వండి.”

ఆమె పుస్తకం తీసి నాన్న ముందు పెట్టి, తనే అట్ట తెరిచింది. “చదువు నాన్నా. తొమ్మిదింటికీ అట్ట తప్పు వైపు వేశాను. టీవీలో చూసి, చెత్త కథ అనుకుని, లోపల ఏముందో చూడకుండా కట్టాను. ఆయన కంప్లైంట్ ఇవ్వడానికి వచ్చారు. నీకు తెలియకుండా ఒక్కొక్కటే మారుస్తున్నాను. ఆ రోజు నువ్వు చూసేసరికి, దీన్ని దాచడానికి ఆయన్ని అడ్డం పెట్టుకున్నాను.”

నాన్న ‘ఆగండి’ అన్న పేజీని ఒకటికి రెండుసార్లు చదివాడు. ఆయన ఏమీ అనకపోతే మెచ్చుకున్నాడో మండిపడ్డాడో ఆమెకు ఇరవై ఆరేళ్లుగా అంతుపట్టలేదు.

“మార్చినవేవీ?”

ఆమె ఆరో వాల్యూమ్ తెచ్చి ఇచ్చింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. వెన్ను పొడవునా వేలితో తడిమాడు. తెరిచాడు, మూశాడు, వెలుగుకి పట్టాడు.

“కుట్టు తెంపి మళ్లీ కుట్టావా?”

“లేదు.”

“తెంపకుండా అట్ట ఎలా వచ్చింది?”

“తడిగుడ్డ వేసి రెండు గంటలు ఆగాను. వెన్ను దగ్గర్నుంచి సన్నకత్తితో వెంట్రుకవాసి చొప్పున విడదీసుకుంటూ వచ్చాను.”

“ఆరు పుస్తకాలూ?”

“ఆరూ.”

“ఒక్క కాగితం చిరగలేదూ?”

“లేదు నాన్నా.”

నాన్న పుస్తకాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. “ఇది నాకు రాదమ్మా,” అన్నాడు.

ముప్పై ఏళ్లుగా ఊళ్లో సగం పుస్తకాలు కట్టిన మనిషి, తమ్ముడి పనిలో ఈకలు పీకిన మనిషి, తనకు రాదన్నాడు. ఏ లేబులూ ఇంత పెద్ద మాట చెప్పలేదు.

“రూల్ మాత్రం రూలే,” అన్నాడు వెంటనే, గొంతు సవరించుకుంటూ.

“తెలుసు. నేనే తీస్తాను.” ఆమె ఆరో పుస్తకంలో సూది బొమ్మ అంచున తడివేలు పెట్టి, నానాక మెల్లగా ఊడదీసింది. ఏడోది కూడా. “రేపు లైబ్రరీకెళ్లి మేడమ్‌కి నేనే చెప్పి మిగతావీ తీసేస్తాను. ఆ మూడూ కూడా మార్చి ఇస్తాను.” ఆమె తలెత్తుకునే ఉంది.

లిఫ్ట్ మెకానిక్ లేచాడు. “నేను బయల్దేరతానండీ. అంతా తేలిపోయింది కదా.”

“కూర్చోండి. ఇంకొకటి తేలలేదు,” అంది ఆమె. “వాన రోజు నాన్నతో అబద్ధం చెప్పానని మీతో అన్నాను కదా?”

“అన్నారు.”

“అదే అబద్ధం. నాన్నతో చెప్పిందే నిజం. నాలుగో అంతస్తులో మీ లిఫ్టు నేలకి వంగి గోరు పెట్టి చూసినప్పుడే నాకు తెలిసిపోయింది. మీ పనంటే నాకు గర్వం. మీరంటే ప్రేమ. మీకోసం కాకపోతే పదకొండెప్పుడవుతుందా అని నేనెందుకు గడియారం చూస్తానండీ?”

“ఇదంతా నేను వినాలా?” అన్నాడు నాన్న. టీ కప్పు పట్టుకుని లేచి, అతని భుజం తట్టి, “ఈసారి గొడుగు తెచ్చుకో బాబూ. ఇంట్లో మనిషివి తడిసొస్తే బాగుండదు,” అని లోపలికి వెళ్లిపోయాడు.

అతను ఇంకా నిలబడే ఉన్నాడు. తెరుచుకున్న తలుపు ముందు ఏ అంతస్తో తెలియక నిలబడినట్టుంది వాలకం.

“ఏదన్నా అనండి,” అంది ఆమె.

“మొదటి రోజు మీరు దణ్ణం అక్కణ్ణుంచే పెట్టమన్నారు చూడండీ... అప్పుడే అయిపోయింది నా పని,” అన్నాడు. తర్వాత కాస్త బెంగగా, “మరి పెళ్లి? ఏడాది దాకా లేబుల్ లేదంటున్నారు...” అని నసిగాడు.

“లేబుల్ వచ్చాకే పెళ్లి. నా పేరు నేను మళ్లీ నిలబెట్టుకుని, దర్జాగా చేసుకుంటాను.”

“ఏడాదా!”

“ఏం, ఆగలేవా? రోజూ రా. పదకొండుకే అక్కర్లేదు, పుస్తకం కూడా తేనక్కర్లేదు. నా కోసం రా.”

ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది. తనను ‘నువ్వు’ అనడం ఇదే మొదటిసారని అతనికి అర్థమయ్యాక, మిగతావేవీ అతని చెవికెక్కలేదు.